గాలం వేసుకుంటున్న మనిషి

పాలకొల్లు,
ఆషాఢం, ఆదివారం

చి. అమ్మాయికి,
ఆశీస్సులు.

గోథమ్ సీరియల్ విలన్ల మీద వ్యాసమని నువ్వు పంపిన కాగితాల కట్ట బుధవారం అందింది. ఇరవై రెండు పేజీలు. కవరు ఓ మూల వానకి తడిసి, రిడ్లర్ గురించి నువ్వు రాసిందంతా నీలం మరకైపోయింది. కాబట్టి అతని గురించి నన్నేమీ అడక్కు. మిగతాది రెండుసార్లు చదివాను. మొదటిసారి విసుగొచ్చింది. రెండోసారి ఆశ పుట్టింది.

విసుగు సంగతి ముందు చెబుతాను. "గోథమ్" అనే ఆ బ్యాట్‌మన్ ఊరి ఇంగ్లీషు సీరియల్ చూసేవాళ్ళు కాలేజీలో, హాస్టల్లో, కాకినాడ బస్సులో ఎక్కడ దొరికితే అక్కడ పట్టుకుని, నీకు ఏ విలన్ ఇష్టం అని అడిగావు. జెరోమ్‌కి ఇంతమంది, పెంగ్విన్‌కి ఇంతమంది అని లెక్క కట్టి వరస నెంబర్లిచ్చావు. పంచాయతీ ఎన్నికల ఓట్ల లెక్కింపు చూసినట్టుంది నాకు. ఎవరు నెగ్గారో తెలిసిపోయాక చదివేవాడికి నీతో పనేముంది?

ఆశ ఎందుకంటే, పదకొండో పేజీలో పెంగ్విన్ గురించి నీ రూమ్మేట్ అన్న మాట ఒకటి ఉంది. "వాళ్ళమ్మ చచ్చిపోయిన ఎపిసోడ్ చూసి ఆ రాత్రి నేను అన్నం తినలేదే. అప్పటికి ఆయన ఎంతమందిని చంపాడో గుర్తే రాలేదు" అందట. అంత మాట రాసుకుని, చటుక్కున తర్వాతి మనిషి దగ్గరికి వెళ్ళిపోయావు. బస్సు దిగాల్సిన స్టాపు దాటిపోయినట్టు! ఆ పిల్ల ఏమందో మళ్ళీ చూడు. "ఆయన" అంది. అయిదో పేజీలో అదే పిల్ల అదే పెంగ్విన్‌ని "వాడు" అంది. ఈ రెంటి మధ్య ఏం జరిగిందన్నదే నీ వ్యాసం. మిగతా ఇరవై ఒక్క పేజీలూ దానికోసం నువ్వు చేసిన ప్రయాణం, అంతే.

నేనా సీరియల్ చూశానని నీకు ఆశ్చర్యంగా ఉండొచ్చు. మా మనవడు భీమవరంలో ఇంజనీరింగ్ చదువుతున్నాడు. ముసురు పట్టిందని సెలవలిస్తే వచ్చి, నా మంచం పక్కనే కూర్చుని చూడటం మొదలెట్టాడు. కింద అక్షరాలు చదువుకుంటూ నేనూ చూశాను. 2014 సెప్టెంబరులో అమెరికాలో ఫాక్స్ చానల్లో మొదలై 2019 ఏప్రిల్లో అయిపోయింది. అయిదు సీజన్లు, సరిగ్గా వంద ఎపిసోడ్లు. నేను వందా చూడలేదులే. అరవై దాకా చూశాను, మిగతాది వాడు అన్నం తింటూ చెప్పాడు.

నువ్వు అడిగిన పెద్ద ప్రశ్న, ఇలాంటి కథల్లో హీరో ఎందుకు చప్పబడిపోతాడు, విలన్లే ఎందుకు వెలుగుతారు అని. మీ వాళ్ళందరూ ఆ పోలీసు హీరో జిమ్ గోర్డన్‌ని "మంచోడేగానీ బోరు" అన్నారని రాశావు. అతన్నేం చెయ్యమంటావు చెప్పు? ఇది హీరో పుట్టక ముందరి కథ. ముగింపు చూసేవాళ్ళ దగ్గరే ఉంది. గోర్డన్ ఎన్ని తుపాకుల మధ్య నిలబడినా చావడు, పోలీస్ కమిషనర్ అయి తీరాలి. ఆ కుర్రాడు బ్రూస్ ఎంత ఏడ్చినా చివరికి బ్యాట్‌మన్ అయి తీరాలి. వందో ఎపిసోడ్‌లోగానీ ఆ నల్లముసుగు కనపడదు, అయినా మొదటిరోజు నుంచీ అందరికీ తెలుసు. విలన్ ముగింపు కూడా కొంత తెలిసిందే. కానీ అక్కడిదాకా ఏ దారిన వస్తాడో తెలీదు. పులస సంగతి నీకు చెప్పాలా? సముద్రంలో ఉన్నంతసేపూ అది విలసే. ఎర్రనీళ్ళకి ఎదురీది గోదాట్లోకి వస్తేనే పులస. ఆ ఈతలోనే రుచంతా ఉందంటారు మనవాళ్ళు. ఇలాంటి కథ రాసేవాడికి చేతిలో మిగిలేది కూడా ఆ ఈతే.

ఆ రౌడీ ముఠా నాయకురాలు ఫిష్ మూనీని చూడు. నీ లెక్కలో ఆవిడ ఆరో స్థానంలో ఉంది, నాకు మాత్రం మొదటిదే. బొమ్మల పుస్తకాల్లో లేని పాత్ర అది, ఆ సీరియల్ కోసమే పుట్టించారు. అందుకని ఆవిడ గతి ఏమవుతుందో ఎంత పాత అభిమానికైనా ముందే తెలిసే వీలు లేదు. ఆవిడ గదిలోకి అడుగుపెడితే మా మనవడు ఫోను పక్కన పెట్టేసేవాడు. అదెందుకో వాణ్ణి అడిగితే చెప్పలేకపోయాడు. నువ్వు చెప్పాలి. అభిమాని అభిప్రాయం రాసేవాళ్ళు అభిమానికి తెలిసింది మాత్రమే రాస్తే ఎలా?

ఇంకో ఫిర్యాదు నీ కాగితాల్లో చాలామంది నోట వినపడింది. బ్యాట్‌మన్ రాకముందే ఇంతమంది విలన్లా, ఇతను పెద్దాడయ్యేసరికి వాళ్ళు ముసలాళ్ళయిపోరా అని. మొదటి ముక్క పుస్తకాలు బాగా చదివినవాళ్ళ బాధ. ముసుగు మనిషి వచ్చాకే అలాంటి విచిత్ర శత్రువులు పుట్టుకొచ్చారన్నది వాళ్ళకి అలవాటైన వరస. సీరియల్ వాళ్ళు దాన్ని తిరగేశారు. రెండో ముక్క ఉట్టి లెక్కల బాధ, దానికి నా దగ్గర జవాబు లేదు. కానీ విలన్ ముందు పుట్టడం మనకి కొత్తా? మా వాకిట్లో నిలబడితే క్షీరారామం గోపురం కనపడుతుంది. తారకాసురుడి మెడలోని లింగం అయిదు ముక్కలై పడిన చోట్లే పంచారామాలని కథ. అమరావతి ఒక్కటి మినహాయిస్తే ద్రాక్షారామం, సామర్లకోట, భీమవరం, పాలకొల్లు, నాలుగూ మన గోదావరి జిల్లాల్లోనే ఉన్నాయి. శివుడి కొడుకు చేతిలో తప్ప చావు లేదని తారకుడు వరం పొందాడు. అప్పటికి సతీదేవి పోయి శివుడు ఒంటరిగా తపస్సులో ఉన్నాడు. అంటే విలన్ కోసం హీరో పుట్టాడు, ఆ హీరో కోసం ఒక పెళ్ళి జరిగింది! జయవిజయుల సంగతి చెప్పక్కర్లేదు. భక్తులుగా ఏడు జన్మలు ఎత్తడం కంటే శత్రువులుగా మూడే నయం అనుకున్నారు. హిరణ్యకశిపుడికీ రావణుడికీ వెనక అంత దిగులు కథ పెట్టుకున్న జాతి మనది. కాకినాడలో నాటకాలాడి సినిమాలకెళ్ళిన ఎస్వీ రంగారావు కీచకుడు వేసినా హిరణ్యకశిపుడు వేసినా జనం ఎవర్ని చూడ్డానికి వెళ్ళేవాళ్ళో మీ తాతగారిని అడుగు. మీ హాస్టల్ పిల్లలు పెంగ్విన్‌ని ప్రేమించడం అమెరికా జబ్బేమీ కాదు.

జెరోమ్ గురించి మాత్రం క్లుప్తంగా చెప్పేస్తాను, అతని మీద నువ్వు నాలుగు పేజీలు ఖర్చు పెట్టావు కాబట్టి. సర్కస్‌లో పాములతో ఆడే తల్లిని చంపి, పోలీసుల ముందు ఏడుస్తూ ఏడుస్తూ నవ్వులోకి జారిపోతాడే, ఆ ఒక్క సీన్‌లో ఆ నటుడు కామెరాన్ మోనహన్ చేసిందే చేసింది. తర్వాతదంతా దాన్నే పెద్ద గొంతుతో చెప్పడం అనిపించింది నాకు. జోకర్ అన్న పేరు పెట్టకుండానే జోకర్‌ని చూపించారని మీవాళ్ళు మురిసిపోతున్నారు. సరే, మురవనీ. గోర్డన్‌కి కాబోయే భార్యగా మొదలై విలన్ అయిన బార్బరా మీద ఒక అబ్బాయి అన్నది ఇంకా బాగుంది: "మొదటి సీజన్లో ఆవిడొస్తే ఫార్వర్డ్ చేసేవాణ్ణండి, రెండో సీజన్లో ఆవిడ కోసమే చూశానండి." ఆ అబ్బాయిని మళ్ళీ పట్టుకో. బొత్తాం మీంచి వేలు తీసింది ఏ నిమిషంలోనో అడుగు.

ఈ "వాడు", "ఆయన" గొడవ నాకెలా తెలుసో చెబుతాను. తొంభైల మొదట్లో ఒక వారపత్రికలో నా సీరియల్ వచ్చేది. అందులో విలన్ రేవు పాటదారు. పంటు, అంటే జనాన్ని ఏరు దాటించే పడవ, నడుపుకునే హక్కు వేలంలో పాడుకుని, వరదొస్తే రేటు పెంచే రకం. మొదటి ఎనిమిది వారాలూ పదిహేను పైసల కార్డులు గుట్టలుగా వచ్చాయి. "వాణ్ణి గోదాట్లో ముంచెయ్యండమ్మా" అని. తొమ్మిదో వారం ఒక చిన్న సీన్ రాశాను. పాటదారు తల్లికి చూపు లేదు. పులస పులుసు ముందు పెట్టుకుని, ఒక్కో ముల్లూ వేలితో తడిమి ఏరి, ఆవిడకి ముద్దలు పెడతాడు. అరగంట పడుతుంది, రేవులో జనం ఎదురుచూస్తుంటారు. అంతే, ఇంకేం లేదు. ఆ తర్వాత వచ్చిన కార్డుల్లో "ఆయన్ని చంపకండి" అని ఉంది. ఒకావిడ "మావాడు" అనే రాసింది!

ఇన్నేళ్ళ తర్వాత ఈ పెంగ్విన్, ఆ ఆస్వల్డ్ కాబుల్‌పాట్, ముసలి తల్లి దగ్గర తన పాడుపనులు దాచిపెట్టి మాట్లాడుతుంటే నాకు కొంచెం అసూయ కలిగిన మాట నిజం. రెండో సీజన్లో ఆవిడ అతని చేతుల్లో పోతుంది. మీ రూమ్మేట్ అన్నం మానేసింది అక్కడే.

కార్డులు చూసి నేను చేసిన తప్పు కూడా విను. పాఠకులు ప్రేమిస్తున్నారు కాబట్టి ఆఖరి భాగంలో అతను మారిపోవాలని ఎడిటరుగారు పట్టుబట్టారు. నేనూ ఊఁ అన్నాను. పాటదారు కన్నీళ్ళు పెట్టుకుని రేవు ఊరికి రాసిచ్చేశాడు. ఆ వారం వచ్చిన కార్డులు రెండు. రెండింట్లోనూ "ముగింపు బాగుంది" అని మర్యాదగా రాశారు. వాళ్ళు ప్రేమించింది ముళ్ళు ఏరే చేతుల్ని. అవే చేతులు మర్నాడు పొద్దున్న రేటు పెంచుతాయని తెలిసి మరీ ప్రేమించారు. నేను ఆ రెండోదాన్ని తీసిపారేశాను. ఇప్పుడు చించినాడ దగ్గర వంతెన వచ్చేసింది, నా విలన్‌కి ఎలాగూ పని లేదనుకో.

ఇక అసలు రాయాలనుకున్నది.

మొదటి ఎపిసోడ్ చివర గుర్తుందా? ఫిష్ మూనీకి గొడుగు పట్టే కుర్రాడు పెంగ్విన్. అతన్ని రేవు చివర కాల్చి చంపమని గోర్డన్‌కి ఉత్తర్వు. గోర్డన్ చెవి పక్కగా కాల్చి నీళ్ళలోకి తోసేస్తాడు. కాసేపటికి పెంగ్విన్ ఒడ్డుకి చేరతాడు. అక్కడ ఒక మనిషి గాలం వేసుకుంటూ ఉంటాడు. అతని గొంతు కోసి, అతని తిండి లాక్కుని తింటాడు. మా మనవడు ఆ సీన్‌కి చప్పట్లు కొట్టాడు. "ఎంట్రీ అంటే ఇదీ అమ్మమ్మా" అన్నాడు. అదే సమయంలో గుమ్మంలో నరసాపురం నుంచి వచ్చే చేపలావిడ డబ్బుల కోసం నిలబడుంది. తెర వైపు చూసి, "అయ్యో, ఆడి కూడు లాక్కున్నాడేంటండి? ఆడింటోళ్ళు సూసుకుంటా ఉంటారు కదండి" అంది. గంప ఎత్తుకుని వెళ్ళిపోయింది.

నీ ఇరవై రెండు పేజీల్లో ఆ గాలం మనిషి లేడు. నేను వెతికాను. పెంగ్విన్ నడక ఉంది, ముక్కు ఉంది, కోటు ఉంది, ఆ నటుడు రాబిన్ లార్డ్ టేలర్ కళ్ళు ఉన్నాయి. నిన్నొక్కదాన్నే అనడం లేదు. ఆ రాత్రి అటక మీంచి నా పాత సీరియల్ కట్ట దింపి చూసుకున్నాను. మూడో భాగంలో పాటదారు వరదలో పంటు మీద పరిమితికి మించి జనాన్ని ఎక్కిస్తే, కొబ్బరి దింపు తీసేవాడొకడు జారి కొట్టుకుపోతాడు. ఒకే ఒక్క వాక్యం. "దింపువాడు" అని రాశాను, పేరు పెట్టలేదు. వందల కార్డుల్లో ఒక్కరూ అతని గురించి అడగలేదు. నాకూ తట్టలేదు.

అందుకని నీ మనుషుల దగ్గరికి మళ్ళీ వెళ్ళు. అందరి దగ్గరికీ వద్దు, అయిదారుగురు చాలు. ఎవరు ఇష్టం అని అడక్కు. "వాడు" ఎప్పుడు "ఆయన" అయ్యాడో అడుగు. తర్వాత, కాస్త ఆగి, గాలం వేసుకునే మనిషి గుర్తున్నాడా అని అడుగు. గుర్తు లేదంటే తప్పు పట్టకు. మొహం మీద ఏం కదిలిందో రాసుకో. ఏమీ కదలకపోతే అదీ రాసుకో. ఈసారి పెన్సిలుతో రాయి, వానకి చెదరదు.

వచ్చే నెల రెండో ఆదివారం ఖాళీ ఉంటే రా. రాజోలు మీదుగా వస్తే దిండి దాటాక వంతెన, అక్కణ్ణించి పాలకొల్లు ఎంతోసేపు పట్టదు. పులస పెడతానని మాత్రం ఆశ పెట్టుకోకు, పుస్తెలమ్ముకునే వయసు దాటిపోయింది నాకు. గోంగూర రొయ్యలు చేయిస్తాను.

వచ్చేటప్పుడు ఒక్క పని చేసిపెట్టు. నేను ఆ మూడో భాగం తిరగరాస్తున్నాను. ఒక్క వాక్యం కాస్తా పది పేజీలైంది. అతనికి భార్య దొరికింది, ఒక కూతురు దొరికింది, ఎక్కే చెట్టుకి దణ్ణం పెట్టుకునే అలవాటు దొరికింది. పేరే ఇంకా దొరకలేదు. ఇక్కడ నేను పెట్టేవన్నీ పుస్తకాల పేర్లలా ఉన్నాయి. మీ కోనసీమలో దింపు తీసే మనుషుల్లో అరవై ఏళ్ళు దాటినవాళ్ళ పేర్లు నాలుగు కనుక్కునిరా.

ఆశీస్సులతో,
మీ టీచరు