పెద్దాస్పత్రా, నర్సింగ్ హోమా? ముందు రాత్రి డ్యూటీ లెక్క అడగండి

"నాన్నగారికి పెద్దపేగు ఆపరేషన్. విజయవాడ సూర్యారావుపేటలో 30 పడకల నర్సింగ్ హోమ్ మేలా, 300 పడకల పెద్దాస్పత్రి మేలా?" అని అడిగారు. పడకల సంగతి తర్వాత. రాత్రి రెండు గంటలకి ఆ వార్డులో ఒక్కో నర్సు ఎంతమందిని చూస్తోందో కనుక్కోండి.

పేగు కుట్టిన చోట లీకైతే అది చాలావరకు ఆపరేషన్ బల్ల మీద తెలియదు. నాలుగైదు రోజులకి, ఐసీయూ నుంచి వార్డుకి మార్చాక బయటపడుతుంది. అప్పుడు రోగి నాడి 118, శ్వాస నిమిషానికి 28 ఉండొచ్చు, బీపీ మాత్రం ఇంకా 120/80. బీపీ ఒక్కటే చూసినవాళ్లు "బాగానే ఉన్నారు" అని వెళ్లిపోతారు. తెల్లారి బీపీ పడిపోయేసరికి ఇన్‌ఫెక్షన్ ఒళ్లంతా పాకి ఉంటుంది. శ్వాస 25కి, నాడి 110కి చేరినప్పుడే డాక్టరు వచ్చి చూడాలి.

మరి ఈ మార్పు వార్డులో ఎందుకు దొరకదు? శ్వాస లెక్కించడానికి నిండా ఒక నిమిషం కావాలి. ఒక్క నర్సే 20 మందిని చూడాల్సి వస్తే, మనిషికి 5 నిమిషాలు వేసుకున్నా ఒక రౌండు 100 నిమిషాలు. మధ్యలో ఇంజెక్షన్లు, కొత్త అడ్మిషన్లు. దాంతో చార్టులో అందరికీ శ్వాస 20 అని పడిపోతుంది. ఆ నర్సులది కాదు తప్పు, ఒక్కరికే అంత డ్యూటీ వేసినవాళ్లది. సెలైన్ అయిపోతే చెప్పమని మనల్నే కాపలా పెట్టడం కూడా ఈ కొరత వల్లే. లాబీలో పాలరాయికి ఉన్న డబ్బు ఇంకో నర్సు జీతానికి ఉండదా?

అమెరికాలో పెన్సిల్వేనియాలోని 168 ఆస్పత్రుల మీద 2002లో వెలువడిన అధ్యయనంలో, నర్సుకి ఒక్క రోగి ఎక్కువైనా ఆపరేషనైన వాళ్లు 30 రోజుల్లో చనిపోయే అవకాశం 7 శాతం ఎక్కువని తేలింది.

పెద్దాస్పత్రికి వేరే బలముంది. అన్నవాహిక, క్లోమం ఆపరేషన్లు ఎక్కువగా చేసేచోట మరణాలు తక్కువ. హెర్నియాకి అంత తేడా ఉండదు. పెద్దపేగుకి మాత్రం రాత్రి సీటీ స్కాన్, రక్తం, మత్తు డాక్టరు దొరకాలి. గుంటూరు జీజీహెచ్ (ప్రభుత్వ పెద్దాస్పత్రి) లాంటి బోధనాస్పత్రుల్లో రాత్రి కూడా పీజీ చదివే డాక్టర్లు డ్యూటీలో ఉంటారు, అది చిన్న విషయం కాదు. ప్రైవేటులోనైతే డ్యూటీ డాక్టరు ఏం చదివారో, సర్జన్ ఎన్ని నిమిషాల్లో రాగలరో అడగండి.

చేరాక కేస్ షీట్‌లో శ్వాస గడి చూడండి. ప్రతి పూటా అదే 20 ఉంటే, ఫోన్‌లో టైమర్ పెట్టుకుని నాన్నగారి ఛాతీ ఎన్నిసార్లు లేస్తుందో నిమిషం పాటు మీరే లెక్కపెట్టండి. 25 దాటితే తెల్లారేదాకా ఆగకుండా డ్యూటీ డాక్టరుని మంచం దగ్గరికి రప్పించండి.