టీబీ మాత్రలు వేశాక వికారం, నారింజ రంగు మూత్రం: ఆపేయాలా?

టీబీ మాత్రలు వేశాక మీ నాన్నగారికి వికారంగా ఉంటోందని, మూత్రం నారింజ రంగులో వస్తోందని, మాత్రలు ఆపేయాలా అని అడిగారు. ఆ రంగుకు కారణం రిఫాంపిసిన్ అనే టీబీ మందు. చెమట, కన్నీళ్లు కూడా ఆ రంగుకు తిరగొచ్చు, భయం లేదు. వికారం బహుశా పరగడుపున వేయడం వల్ల.

1. డాక్టర్‌కు చెప్పి, రెండు ఇడ్లీలో కాస్త జావో కడుపులో పడ్డాక వేయండి.

2. చాలామంది వదిలేసేది ఇదే: రోజూ పగటి వెలుతురులో కళ్లలో తెల్లగుడ్డు చూడండి. మూత్రం రంగు ఎలాగూ మారిపోయింది కాబట్టి కామెర్లను దాన్నిబట్టి పట్టుకోలేం. కళ్లు పచ్చబడినా, అన్నం సహించకపోయినా, వాంతులు ఆగకపోయినా, కుడివైపు పక్కటెముకల కింద నొప్పి వచ్చినా తర్వాతి డోసు వేయకుండా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి. లివర్ పరీక్ష చేయమని మీరే అడగండి.

3. చూపు మసకబారినా, రంగులు తేడాగా కనిపించినా అంతే, ఆలస్యం వద్దు. అది ఇథాంబుటాల్ అనే మరో టీబీ మందు వల్ల కావచ్చు.

4. అరికాళ్లలో తిమ్మిర్లు, మంటలు ఉంటే పైరిడాక్సిన్, అంటే బి6 మాత్ర, ఇస్తున్నారో లేదో కనుక్కోండి.

ఆయనకు మద్యం అలవాటుంటే కోర్సు అయ్యేదాకా పూర్తిగా మాన్పించండి, లివర్‌కు అది రెండో దెబ్బ.

ఒట్టి వికారానికే మాత్రలు ఆపకండి, దయచేసి. మధ్యలో మానేస్తే క్రిములు మందుకు లొంగకుండా పోతాయి. సందేహం వస్తే ప్రభుత్వ టీబీ హెల్ప్‌లైన్ నిక్షయ్ ఉచిత నంబరు 1800-11-6666.