డిగ్రీ చదివి షోరూంలో సేల్స్‌లో చేరాలా?

తమ్ముడూ, బీకాం అవ్వగానే విశాఖలో జగదాంబ దగ్గర పెద్ద బట్టల షోరూంలో సేల్స్ ఉద్యోగం వచ్చిందని, ఇంట్లో "ఇందుకా చదివించింది" అంటున్నారని రాశావు. చేరిపో. నేనూ ద్వారకానగర్‌లో కౌంటర్ దగ్గరే మొదలుపెట్టాను.

ముందు ఆఫర్ లెటర్ తీసుకో. ఇన్సెంటివ్ ఏ లెక్కన ఇస్తారు, వారంలో సెలవు ఏ రోజు అన్నది అందులో ఉండాలి. పీఎఫ్ సంగతి అడుగు. నెల జీతం 21,000 దాటకపోతే ఈఎస్ఐ, అంటే ఉద్యోగుల వైద్య బీమా, గురించి కూడా అడుగు. ఒరిజినల్ సర్టిఫికెట్లు మాత్రం ఇవ్వకు. నేను ఇచ్చి, మానేశాక వాటికోసం మూడు నెలలు తిరిగాను, ఆ బాధ నీకొద్దు.

చేరాక రోజూ రాత్రి రెండు లెక్కలు రాసుకో. నీ దగ్గరికి 40 మంది వచ్చి 10 మంది కొంటే కన్వర్షన్ 25 శాతం. మొత్తం అమ్మకాన్ని బిల్లుల సంఖ్యతో భాగిస్తే సగటు బిల్లు. ఆషాఢం డిస్కౌంట్లలో జనం పెరిగినా సగటు బిల్లు ఎందుకు తగ్గింది, శ్రావణం పెళ్లిళ్లకి పట్టుచీరల దగ్గర ఎందుకు లేచింది, గమనించు. స్టాకులో ఏ సైజు ముందు అయిపోతోందో కూడా. నన్ను ఫ్లోర్ మేనేజర్ పోస్టు ఇంటర్వ్యూలో అడిగినవి ఇవే, బీకాం మార్కులు ఎవరూ అడగలేదు.

మొదటి నెల కాళ్లు బాగా నొప్పెడతాయి, మెత్తటి అడుగున్న బూట్లు కొనుక్కో.