బిట్లు బట్టీ పట్టకు చిట్టీ, మన గోదారి దగ్గరే మొదలెట్టు

చిట్టీ,

నీ మెసేజ్ చదివాను. జీకేలో సైన్సు, ప్రాచీన చరిత్ర రాత్రి చదివితే పొద్దుటికి ఉండట్లేదని, బిట్ల పుస్తకం ఎన్నిసార్లు తిరగేసినా మాక్ టెస్టులో మళ్ళీ అవే బిట్లు తప్పు పోతున్నాయని రాశావు. పోవా మరి? "సముద్రగుప్తుని ఆస్థాన కవి హరిసేనుడు" అని ఒక లైను, దాని కిందే "విటమిన్ సి లోపం వల్ల స్కర్వీ" అని ఇంకో లైను, ఆ కింద "ఋగ్వేద మండలాలు 10". ఒకదానికొకటి ఏ చుట్టరికమూ లేదు. అలా చదివితే నాకైనా గుర్తుండవు. ఆ పుస్తకం పారేయమనట్లేదు, పక్కన పెట్టు, ఆఖరి నెలలో పనికొస్తుంది.

నేను చెప్పేది ఒక్కటే. ఏ బిట్టు కనబడినా "ఈ సంగతి మనకెలా తెలిసింది?" అని అడుగు. చరిత్రయితే ఏ శాసనం, ఏ నాణెం, ఏ తవ్వకం అని. సైన్సయితే అది అలాగే ఎందుకు జరుగుతోంది అని. దీనికి ఎక్కడికో పోనక్కర్లేదు, మన డెల్టాలోనే బోలెడంత సరుకు ఉంది.

ఆ సముద్రగుప్తుడినే తీసుకో. ఆయన దండయాత్రల గురించి మనకు ముఖ్యంగా తెలిసింది ప్రయాగ స్తంభం మీద ఉన్న హరిసేనుడి ప్రశస్తి, అంటే రాజును పొగుడుతూ చెక్కించిన శాసనం వల్ల. ఆ స్తంభం మీద అంతకుముందే అశోకుడి శాసనం ఉంది, ఎన్నో వందల ఏళ్ళ తర్వాత జహంగీరు కూడా దాని మీదే చెక్కించుకున్నాడు. ఆ ప్రశస్తిలో ఓడిపోయిన 12 మంది దక్షిణాపథ రాజుల పేర్లున్నాయి, అందులో పిష్టపురం మహేంద్రుడు ఒకడు, వేంగి హస్తివర్మ ఒకడు. పిష్టపురం అంటే మీ పెద్దమ్మ వాళ్ళుండే పిఠాపురమే. వేంగి అంటే ఏలూరు పక్కనున్న పెదవేగి, ఆ హస్తివర్మ శాలంకాయన రాజు. ఇక హరిసేనుడు ఎవరి ఆస్థానం అంటే మర్చిపోగలవా?

అక్కడితో ఆపకు. మళ్ళీ రెండున్నర శతాబ్దాలు దాటాక ఇదే పిష్టపురం కోటను రెండో పులకేశి పట్టుకున్నాడు. అదెలా తెలిసింది? జైన కవి రవికీర్తి రాసిన ఐహోలు శాసనం చెప్పింది. పులకేశి హర్షుణ్ణి ఓడించిన సంగతీ అందులోదే. రవికీర్తి తనను తాను కాళిదాసుతోనూ భారవితోనూ పోల్చుకున్నాడు, అంటే ఆ ఇద్దరూ అప్పటికే పేరు మోసిన కవులన్నమాట. శాసనం తేదీ శక 556, దానికి 78 కలుపు, 634 వస్తుంది. శక సంవత్సరాన్ని ఇచ్చి క్రీస్తుశకం అడిగితే ఈ కూడికే. పులకేశి తమ్ముడు కుబ్జ విష్ణువర్ధనుడు 624లో వేంగిలో తూర్పు చాళుక్య రాజ్యం స్థాపించాడు, ఆ వంశంలోనే రాజరాజ నరేంద్రుడు, ఆయన దగ్గర నన్నయ, రాజమహేంద్రవరంలో మహాభారతం. చూశావా, పిఠాపురంలో బయల్దేరి ఎన్ని బిట్లు దాటి వచ్చామో.

శాతవాహనుల శాసనాలు అందరూ తారుమారు చేస్తారు. అక్కడ చుట్టరికం పట్టుకో. కొడుకు గౌతమీపుత్ర శాతకర్ణి గొప్పదనం తల్లి గౌతమీ బాలశ్రీ చెప్పించుకున్నది నాసిక్ శాసనం. మొదటి శాతకర్ణి భార్య నాగానిక వేయించింది నానేఘాట్ శాసనం. హాథీగుంఫా అసలు వీళ్ళదే కాదు, కళింగ ఖారవేలుడిది. సింధు నాగరికత పట్టణాలకైతే చదువు కంటే బొమ్మ మేలు. తెల్లకాగితం మీద నదులు గీసి రావి మీద హరప్పా, సింధు మీద మొహెంజొదారో, ఘగ్గర్ మీద కాలీబంగన్ పెట్టు, గుజరాత్‌లో లోథాల్, ధోలవీరా పెట్టు. బౌద్ధానికి వచ్చినప్పుడు ఓసారి బస్సెక్కి మామిడికుదురు దగ్గర ఆదుర్రు స్తూపం చూసి రా, వీలైతే కామవరపుకోట వైపు గుంటుపల్లి గుహలు కూడా. బౌద్ధులు పూజ చేసుకునే చైత్యానికి, భిక్షువులు ఉండే విహారానికి తేడా గుంటుపల్లిలో నిలబడితే తెలిసినంత బాగా ఏ నోట్సులోనూ తెలియదు.

సైన్సుకి వద్దాం. నీకు తెలియదుగానీ మా చిన్నప్పుడు బోదకాలు మన ఊళ్ళల్లో ఇంటింటి బాధ. ఆరోగ్య శాఖ వాళ్ళు రాత్రి పొద్దుపోయాక లైటు పట్టుకుని వచ్చి, నిద్రపోతున్న వాళ్ళను లేపి వేలికి సూది గుచ్చి గాజు పలక మీద రక్తపు చుక్క తీసుకునేవాళ్ళు. పగలు రావచ్చుగా అని మా నాయనమ్మ తిట్టేది. రాకూడదు. బోదకాలు తెచ్చే ఫైలేరియా పురుగు పిల్లలు రాత్రిపూటే చర్మం దగ్గరి రక్తంలోకి వస్తాయి, ఎందుకంటే వాటిని మోసే క్యూలెక్స్ దోమ కుట్టేది రాత్రే. ఈ ఒక్కటి పట్టుకుంటే మిగతా దోమలు వరసగా వస్తాయి. మురుగులో పెరిగేది క్యూలెక్స్, మలేరియాకి ఆడ ఎనాఫిలిస్, డెంగీకి నిలవ నీళ్ళలో పెరిగి పగలు కుట్టే ఏడిస్. మలేరియా దోమ రహస్యం రొనాల్డ్ రాస్ 1897లో సికింద్రాబాదులో పట్టుకున్నాడు, 1902లో నోబెల్ వచ్చింది. ఇక బోదకాలుకి పంచే డీఈసీ మాత్ర ఉంది చూడు, ఆ మందు బయటికొచ్చింది ఎల్లాప్రగడ సుబ్బారావు గారు నడిపించిన పరిశోధన వల్ల. ఆయన 1895లో పుట్టింది భీమవరంలో! ఫోలిక్ ఆమ్లం అనే బి విటమిన్ తయారీ, ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్, కాన్సర్‌కి వాడే మెథోట్రెక్సేట్, అన్నిటి వెనకా ఆయన బృందమే. ఫిస్కే అనే శాస్త్రవేత్తతో కలిసి, కండరాలకు శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్ మీద చేసిన పని కూడా గుర్తుంచుకో. ఇంత చేసినా నోబెల్ రాలేదు, అది వేరే కడుపుమంట.

భౌతికశాస్త్రంలో పోటుపాట్లు అంతర్వేది రేవులో అడుగు, ఎవరైనా చెబుతారు. అమావాస్యకీ పున్నమికీ పోటు పెద్దది, సూర్యుడు, చంద్రుడు, భూమి ఒకే వరసలోకి వస్తాయి కాబట్టి. అష్టమికి చిన్నది. గ్రహణాలూ ఆ రెండు రోజుల్లోనే, కానీ చంద్రుడి కక్ష్య సుమారు 5 డిగ్రీలు వాలి ఉండడంతో నెలనెలా రావు. కోరంగి మడ అడవుల్లో బురదలోంచి పైకి పొడుచుకొచ్చే వేర్లు గాలి పీల్చుకోవడానికి. విటమిన్లు, ఆమ్లాలు లాంటివి వంటింట్లో మీ అమ్మతో మాట్లాడుతూ అయిపోతాయి: చింతపండులో టార్టారిక్, పెరుగులో లాక్టిక్, నిమ్మకాయలో సిట్రిక్.

వాట్సాప్‌లో తిరిగే పీడీఎఫ్‌లు మాత్రం నమ్మకు, ఒకడి తప్పు పదిమంది కాపీ కొడతారు. అనుమానం వస్తే 6 నుంచి 10 దాకా స్కూలు పుస్తకాలు తీసి చూసుకో. తప్పుకి మూడో వంతు మార్కు కోసే పరీక్షల్లో నాలుగు ఆప్షన్లలో రెండు కచ్చితంగా కాదని తెలిస్తే పెట్టేయ్, ఒక్కటీ కొట్టెయ్యలేకపోతే వదిలేయ్. వదిన చెప్పింది, రాత్రి రెండు దాకా మేలుకుంటున్నావట. ఆ పని మానేయ్.

ముందు ఆ నదుల బొమ్మ గీసి ఆదివారం లోపు ఫొటో పంపు. "ఆయ్ బాబాయ్" అని ఊరుకుంటే కుదరదు, బొమ్మ రావాలి.

మీ బాబాయ్