చుట్టు బస్సు మన ఊళ్లో తిరుగుతుందా?

ప్రశ్న: అమెరికాలోని బాల్టిమోర్‌లో మా అబ్బాయి దగ్గర ఐదు నెలలు ఉండి వచ్చాను. అక్కడ ఊరి నడిబొడ్డున, హార్బరు చుట్టుపక్కల ఒక బస్సు తిరుగుతూ ఉంటుంది. టిక్కెట్టు అడగరు. ఇక్కడ కంటోన్మెంట్ నుంచి కోట దగ్గరికి వెళ్లాలంటే నేను రెండు ఆటోలు మారుతున్నాను. అలాంటి బస్సు మనకెందుకు వెయ్యరు? అక్కడ డబ్బులెవరు ఇస్తున్నారు?
– ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: అమ్మా, 31 ఏళ్లు కండక్టరుగా చేసినవాణ్ణి. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను.

మీరెక్కిన బస్సులు 2010లో మొదలయ్యాయి. ఖర్చు ప్రధానంగా ఆ ఊళ్లో కార్లు నిలిపేచోట వసూలు చేసే పార్కింగ్ పన్ను నుంచి వస్తుంది. ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో కూడా అంతే, పార్కింగ్ రుసుముతోనే ఉచిత బస్సులు నడుస్తాయి. వాషింగ్టన్ కథ వేరు. 2005లో మొదలైన ఎర్ర బస్సులు, చార్జీ ఒక డాలరే. నగర బడ్జెట్‌లో డబ్బు ఆపేసరికి 2024 డిసెంబరు 31తో ఆగిపోయాయి. తనకంటూ కట్టిపెట్టిన ఆదాయం లేని బస్సు ఎప్పుడైనా ఆగిపోవచ్చు. నాకు భయమంతా అక్కడే.

ఉచితం సంగతికొస్తే, 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకి ఉచిత బస్సు పథకం స్త్రీశక్తి కింద పల్లెవెలుగులో, ఎక్స్‌ప్రెస్‌లో మీకు చార్జీ లేదు. అయినా మీరు ఆటో ఎక్కుతున్నారంటే, కావలసింది చార్జీ మాఫీ కాదు, వెంటవెంటనే వచ్చే బస్సు. షేర్ ఆటో కూడా నిండితేగాని కదలదు కదా!

రైల్వే స్టేషను, ఆర్టీసీ కాంప్లెక్స్, గంటస్తంభం, మూడు లాంతర్లు, కోట కలుపుతూ ఒక చుట్టు అనుకోండి. తిరగడానికి 35 నిమిషాలు పడితే, మరో 5 నిమిషాలు కాంప్లెక్స్‌లో ఆపాలి. ఆ 5 నిమిషాలు చాలామంది దండగ అనుకుంటారు, కాదమ్మా. చుట్టు బస్సుకి చివరి స్టాపంటూ ఉండదు. ఆ ఆగడం లేకపోతే, గంటస్తంభం దగ్గర ఒక ట్రిప్పులో పోయిన 6 నిమిషాలు తర్వాతి ట్రిప్పుకి ఎక్కుతాయి, సాయంత్రానికి రెండు బండ్లు ఒకదాని వెనకొకటి వస్తాయి. డ్రైవరుకి టీ తాగే టైమూ ఉండదు. మొత్తం 40 నిమిషాలు, 10 నిమిషాలకొక బస్సు కావాలంటే 4 బండ్లు, రిపేరుకొస్తే పెట్టడానికి ఇంకొకటి. పెద్ద బస్సు కాదు, ఆ సందుల్లో మినీ బస్సే నయం. పైడితల్లమ్మ గుడి నుంచి కోటకి సిరిమాను మూడుసార్లు తిరిగే దారి కూడా అదే, ఆ పండక్కి మాత్రం రూటు మార్చుకోవాలి.

ఎవరినైనా అడిగే ముందు మన చేతిలో లెక్క ఉండాలి. ఎంతమంది ఎక్కడ ఆటో ఎక్కి ఎక్కడ దిగుతున్నారో ఉదయం 9 నుంచి 11 దాకా మూడు లాంతర్ల దగ్గర కూర్చుని రాయాలి. వచ్చే సోమవారం నేను నోటుబుక్కుతో అక్కడే ఉంటాను. మీరు గంటస్తంభం దగ్గర రాయగలరా, అమ్మా?