మేధో వైకల్యం ఉన్న మా అబ్బాయి రెండు వారాలకే ఆట మానేస్తానంటున్నాడు, ఏం చేయాలి?

మీరు రెండు సంగతులు అడిగారు. పదహారేళ్ల అబ్బాయి మొదట్లో హుషారుగా వచ్చి, ఇప్పుడు గ్రౌండ్‌కి రానని ఎందుకు మొండికేస్తున్నాడు? వైకల్యం లేని పిల్లలతో కలిపి ఫుట్‌బాల్ ఆడించవచ్చా? ఈ రెండింటికీ ముందు చూడాల్సింది ఒకటే: ఆటలో అతనికి బంతి అందుతోందా, లేదా.

పది నిమిషాల ఆట చూస్తూ, బంతి అతని కాలికి ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టండి. ఒకటో రెండో అయితే అతను ఆడుతున్నట్టు కాదు, ఊరికే నిలబడి ఉన్నట్టు. అందుకే పదకొండు మంది జట్టు వద్దు. ముగ్గురికి ముగ్గురు, చిన్న గ్రౌండ్, నాలుగో సైజు బంతి. గాలి కొంచెం తగ్గిస్తే బంతి దూరంగా దొర్లిపోదు, కాలికి అందుతుంది.

నేర్పేటప్పుడు ఎక్కువగా దెబ్బతినేది మాటల దగ్గరే. "అటు చూడు, కాలు తిప్పు, గట్టిగా కొట్టు" అని ఒక్క గుక్కలో మూడు చెప్తాం. ఒక్కటే చెప్పండి, చేసి చూపించండి, తర్వాత ఐదు నుంచి పది సెకన్లు నోరు మెదపకండి. ఆ మౌనం మనకు ఇబ్బందిగా ఉంటుంది, అతనికి అది ఆలోచించుకునే సమయం. ఈలోగా అదే మాటను ఇంకోలా చెప్తే అతను మళ్లీ మొదటి నుంచి అర్థం చేసుకోవాలి.

గోల్ కొట్టడం వెనక నుంచి ముందుకు నేర్పండి. మొదట బంతిని గోల్‌కి రెండు మీటర్ల దూరంలో పెట్టి ఆఖరి తన్ను మాత్రమే అతనితో కొట్టించండి. అది కుదిరాక బంతిని ఆపి కొట్టడం, ఆ తర్వాత నాలుగడుగులు నడిపించుకుని వచ్చి కొట్టడం. ఇలా చేస్తే ప్రతి ప్రయత్నమూ గోల్‌తోనే ముగుస్తుంది. ముందు డ్రిబ్లింగ్‌తో, అంటే బంతిని కాళ్లతో నడిపించుకుంటూ వెళ్లడంతో మొదలుపెడితే సగంలోనే బంతి జారిపోయి, రోజంతా ఓటమే మిగులుతుంది.

చాక్లెట్ ఆశ చూపించి రప్పించడం నాకు నచ్చదు. అది ఆగిన రోజు ఆటా ఆగుతుంది. దానికి బదులు అతని నిన్నటి లెక్కనే ఇవాళ దాటాల్సిన గీతగా పెట్టండి. నిలబడి ఎంత దూరం దూకాడో నేల మీద సుద్దతో గీయండి, అది కంటికి కనిపిస్తుంది. మేధో వైకల్యం ఉన్నవాళ్లకు ఆటల పోటీలు నడిపే స్పెషల్ ఒలింపిక్స్ సంస్థలోనూ వయసు, ఆడామగా, సామర్థ్యం చూసి దగ్గరి స్థాయి వాళ్లను ముగ్గురి నుంచి ఎనిమిది మంది దాకా ఒక విభాగంగా పోటీ పెడతారు. గెలుపు అందేంత దగ్గరలో ఉంటేనే ప్రయత్నం నిలబడుతుంది.

కలిపి ఆడించడం తప్పకుండా చేయవచ్చు. స్పెషల్ ఒలింపిక్స్ వాళ్ల యూనిఫైడ్ (కలిపి ఆడే) ఫుట్‌బాల్‌లో, ఐదుగురి జట్టులో ముగ్గురు మేధో వైకల్యం ఉన్నవాళ్లు, ఇద్దరు లేనివాళ్లు ఆడతారు. ఆ ఇద్దరినీ ఎంచుకోవడంలోనే అంతా ఉంది. స్కూల్ జట్టు స్టార్‌ని తెస్తే బంతంతా అతని దగ్గరే ఉంటుంది. జాలితో వచ్చేవాడు కావాలని గోల్ వదిలేస్తాడు, మీ అబ్బాయి అది ఇట్టే కనిపెడతాడు. వయసులోనూ ఆటలోనూ దగ్గరగా ఉన్న మామూలు ఆటగాడు చాలు. టాస్ వేయడం, సామాను సర్దడం లాంటి పనులు వంతులవారీగా అందరికీ ఇవ్వండి. స్నేహం ఎక్కువగా అక్కడే మొదలవుతుంది.

రానని అనడాన్ని ఎప్పుడూ మొండితనమే అనుకోకండి. విజిల్ చెవులకు భరించలేనంతగా ఉండొచ్చు, చెయ్యి ఊపి పిలవండి. బూటు కరుస్తున్నా చెప్పలేకపోవచ్చు, ఆట అయ్యాక పాదాలు చూడండి. ఎప్పుడు ముగుస్తుందో తెలియక కంగారు పడుతుంటే, వార్మప్, నైపుణ్యం, ఆట, మంచినీళ్లు అని నాలుగు బొమ్మలు వరసగా పెట్టి, అయినదాన్ని అతని చేతే తీయించండి. దాహం వేసినా అడగని పిల్లలుంటారు, కాబట్టి పదిహేను నిమిషాలకోసారి అందరూ నీళ్లు తాగాలి.

డౌన్ సిండ్రోమ్ (పుట్టుకతోనే ఒక క్రోమోజోమ్ అదనంగా ఉండే స్థితి) ఉంటే మాత్రం మొదలుపెట్టే ముందే డాక్టర్‌కి చూపించండి. కొందరిలో మెడ పైభాగంలోని మొదటి రెండు ఎముకల మధ్య పట్టు తక్కువగా ఉంటుంది. వాళ్లకు తలతో బంతి కొట్టడం, పల్టీలు, నీళ్లలోకి తలకిందులుగా దూకడం ప్రమాదం. మెడనొప్పి, నడక మారడం, చేతుల్లో పట్టు తగ్గడం, మూత్రం ఆపుకోలేకపోవడం కొత్తగా కనిపిస్తే ఆ క్షణమే ఆట ఆపి ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఫిట్స్ ఉన్న పిల్లలు ఈత కొడుతుంటే, వాళ్ల మీద నుంచి కన్ను తిప్పని పెద్దవాళ్లు ఒకరు ప్రత్యేకంగా ఉండాలి.