గడప దగ్గర ఆగిపోయే కాళ్ళు

ప్రశ్న: మా నాన్నగారికి 71 ఏళ్ళు. ఆరేళ్ళుగా పార్కిన్సన్ వ్యాధి, అదే ఒళ్ళు బిగిసి కదలికలు నెమ్మదించే మెదడు జబ్బు. మూడు నెలలకోసారి హైదరాబాదు తీసుకువెళ్తున్నాం. రాత్రంతా బస్సు, పది నిమిషాల పరీక్ష, మళ్ళీ బస్సు. ఇకపై వీడియోలో చూస్తానని డాక్టరుగారు అంటున్నారు. "చెయ్యి పట్టుకుని చూడని వైద్యం ఏం వైద్యం?" అని నాన్నగారు ఒప్పుకోవడం లేదు. ఏం చేయమంటారు?
– పేరు వద్దన్న పాఠకురాలు, మార్కాపురం

జవాబు: అమ్మా, నేను డాక్టరును కాను. తొమ్మిదేళ్ళుగా ఇదే జబ్బుతో ఉన్న రిటైర్డ్ తెలుగు టీచరును. నల్లబల్ల మీద వాక్యం చివరికి వచ్చేసరికి నా అక్షరాలు చీమలంత అయ్యేవి. జబ్బు అలా బయటపడింది. ఉండేది ఖమ్మంలో, చూపించుకునేది హైదరాబాదులో.

మీ నాన్నగారి మాటలో సగం నిజం. మణికట్టు పట్టుకుని తిప్పి చూస్తేనే బిగుతు ఎంతుందో తెలుస్తుంది. వెనక నిలబడి భుజాలు పట్టి లాగి, నిలదొక్కుకుంటామా తూలుతామా అని చూస్తారే, అది కూడా ఫోనులో కుదరదు. మీరు ఇంట్లో ప్రయత్నించకండి.

మిగతా సగం సంగతి నాకు వీడియోలోనే తెలిసింది. ఆసుపత్రి వరండా విశాలంగా ఉంటుంది, అక్కడ బాగానే నడిచేదాన్ని. "ఇంట్లో కాళ్ళు అతుక్కుపోతున్నాయండీ" అంటే డాక్టరుగారు రాసుకుని ఊరుకునేవారు. 2020 మార్చిలో మన దేశంలో టెలిమెడిసిన్, అంటే ఫోనులో, వీడియోలో చేసే వైద్యానికి మార్గదర్శకాలు వచ్చాయి. ఆ వేసవిలోనే మొదటిసారి వీడియోలో చూపించుకున్నాను. మనవడు ఫోనును కందిపప్పు డబ్బాకు ఆనించాడు. ఐదు నిమిషాలపాటు పాపం డాక్టరుగారికి నా నుదురూ, పైన తిరిగే ఫ్యానూ తప్ప ఏమీ కనబడలేదు. తర్వాత నడవమన్నారు. వంటింటి గడప దగ్గర పాదాలు నేలకు మేకు కొట్టినట్టు ఆగిపోయాయి, ఒళ్ళు మాత్రం ముందుకు వాలిపోతోంది. "గోడ పట్టుకోండి!" అని ఆయన గట్టిగా అరిచారు. ఎన్నాళ్ళుగానో చెబుతున్నది ఆ క్షణంలో కళ్ళారా చూశారు. గడప ముందు ఎర్ర టేపు అంటించి, దాన్ని దాటుతున్నట్టు అడుగు వేయమన్నారు. మాత్రల వేళలు కూడా మార్చారు. ఆ టేపు ఇప్పటికీ ఉంది, నాలుగోసారి మార్చాం.

వేళ సంగతి కూడా అడగండి. ఈ జబ్బుకు వాడే లెవోడోపా మాత్ర పనిచేస్తున్నప్పుడు మేము ఒక మనిషి, దాని ప్రభావం దిగిపోయాక మరో మనిషి. బస్సు దిగి, వరుసలో కూర్చుని, మన వంతు వచ్చేసరికి ఏ మనిషి లోపలికి వెళ్తుందో చెప్పలేం. వీడియో అయితే ప్రభావం దిగే వేళకే సమయం అడగవచ్చు. అలాగని మాత్ర మానేసి చూపించకండి, అది ప్రమాదం.

నేను రెండుసార్లు వీడియోలో, మూడోసారి స్వయంగా వెళ్ళి చూపించుకుంటాను. మీ నాన్నగారికి ఈ బేరం నచ్చవచ్చు. కొత్తగా పడిపోతున్నా, మింగడం కష్టమైనా, లేనివి కనబడుతున్నా వీడియో తేదీ కోసం ఆగకండి.

ఒక్క ఫిర్యాదు ఉంది, అది మీ వంటి పిల్లల మీద. ఈ జబ్బుతో గొంతు సన్నబడుతుంది, మాట ఆలస్యమవుతుంది. ఫోనులో అయితే మరీ. నేను మాట వెదుక్కునేలోపే మా అబ్బాయి "అమ్మ బాగానే ఉందండీ" అనేసేవాడు. ఆ 'బాగానే'కు నాకు ఒళ్ళు మండేది. ఇప్పుడు మూడు ప్రశ్నలు మనవడి చేత పెద్ద అక్షరాలతో రాయించి ఒళ్ళో పెట్టుకుంటాను. అవి అయ్యేదాకా మా అబ్బాయి పక్క గదిలో ఉంటాడు.